నీకిచ్చాను, నా దగ్గరుంది

నవ్వకే చిన్నీ. లిఫ్టు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి తలుపు కొట్టాడని అన్నయ్యని చూసి నవ్వుతావా? "అమ్మా, ఇందాక నీకు చెప్పానా?" అని అడిగాడు. చెప్పావురా నాయనా, పిల్లని నాకిచ్చానన్నావు, నా దగ్గరుందని నేనూ అన్నాను, ఇక వెళ్ళు, అన్నాను. అప్పటికి గానీ కదల్లేదు.

పొద్దున పార్కు లైన్లో వాళ్ళంతా నవ్వింది చాలదూ? వాడి కూతురి వీపుకి తాబేలు సంచి, సంచికి పట్టీ, ఆ పట్టీ రెండో కొస మీ అన్నయ్య మణికట్టుకి. నాకూ తెలుసు, చూడ్డానికి కుక్కపిల్లని షికారుకి తీసుకెళ్తున్నట్టే ఉంది. వెనకాల ఎవడో భౌ అన్నాడు కూడా. మీ వదిన మొహం ఎర్రబడింది. వాడు మాత్రం తిరిగి చూడలేదు. పట్టీని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

ఆ కర్టెన్ కొంచెం లాగు. దీని కళ్ళల్లో ఎండ పడుతోంది. ఆఁ, చాలు, మెల్లిగా. అన్నయ్యా వదినా తినడానికేదో తెచ్చేసరికి అరగంటైనా పడుతుంది. నా కాళ్ళు పీకేస్తున్నాయి, నడుం రెండు ముక్కలైంది. అయినా పడుకోను. ఈ పార్కులో నేను కునుకు తియ్యనని పదమూడేళ్ళ కిందటే ఒట్టు పెట్టుకున్నాను.

మీ ఇద్దరూ ఈ కథ వినలేదు. దీనికెలాగూ తెలీదు, రెండేళ్ళ బుడంకాయ, నోరు తెరుచుకుని ఎలా నిద్రపోతోందో చూడు. నువ్వు విన్నానంటావు. అన్నయ్య నిన్ను వదిలేసి రైడ్ ఎక్కాడు, నువ్వు తప్పిపోయావు, అంతేగా? మీ అక్క ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నటించి మరీ చూపిస్తుందే, అదేగా? అది జరిగిన కథ కాదే. నేను చెప్పిన కథ.

కూర్చో. ఫోన్ పక్కన పెట్టు.

ఇదే రిసార్టు. అప్పుడు ఈ భవనం లేదు, అదిగో, ఆ నీలం కప్పుదాంట్లో దిగాం. నీకు రెండు నిండి నాలుగు నెలలు. అక్కకి పదమూడు. అన్నయ్యకి పదిహేను. ఇప్పుడు నీకెన్నో చెప్పు? ఆఁ. సరిగ్గా అంతే. అంత చిన్నవాడు. నువ్వు నాకెంత చిన్నగా కనిపిస్తున్నావో, ఆ రోజు వాడు నాకంత పెద్దగా కనిపించాడు.

నా సంగతి తెలుసుగా. మూడు నెలల ముందు నుంచే పార్కు వాళ్ళ నిబంధనలన్నీ చదివాను. ఏ రైడ్‌కి ఎంత ఎత్తుండాలో గుమ్మం పక్కన గోడ మీద గీతలు గీసి మరీ మీ అక్కని కొలిచాను. నీ ముంజేతి మీద పెన్నుతో నా ఫోన్ నంబరు రాశాను. ఇంకా గుంపులో కనపడాలని అందరికీ పసుపుపచ్చ చొక్కాలు. అక్క బాత్రూంలో దూరి తలుపేసుకుంది. "మనమేమైనా బాతుపిల్లలమా అమ్మా? నేను రాను, నన్నిక్కడే పాతిపెట్టెయ్యి" అని ఏడుపు. అన్నయ్య తలుపు కొట్టి, "రావే, నువ్వు ముందు నడువు, నేను వెనకాల క్వాక్ క్వాక్ అంటాను" అన్నాడు. అలా ఉండేవాడు వాడు. నువ్వు చూళ్ళేదు ఆ అన్నయ్యని.

ఇంకోటి ఉంది. మన ఇంటి మాట. "నీకిచ్చాను", "నా దగ్గరుంది".

అదెక్కడిదనుకున్నావు? మా ఫార్మసీది. నా పనేంటి, ఇంకొకరు కట్టిన మందులు రెండోసారి సరిచూడ్డం. నా సంతకం పడితేనే పొట్లం బయటికెళ్తుంది. డ్యూటీ మారేటప్పుడు మత్తుమందుల అల్మరా తాళంచెవి ఊరికే బల్ల మీద పెట్టి పోకూడదు. చేతిలో పెట్టి, "నీకిచ్చాను" అని పైకి అనాలి. అవతలివాళ్ళు "నా దగ్గరుంది" అనాలి. అనేదాకా తాళంచెవి ఇచ్చినవాళ్ళదే బాధ్యత. అన్నాక తీసుకున్నవాళ్ళది.

నువ్వు పుట్టాక ఆ పద్ధతి ఇంటికి తెచ్చాను. ఏం చెయ్యను? ఈ ఊళ్ళో మనకెవరున్నారే? అత్తా పిన్నీ అంటూ చెయ్యందించే మనిషి చుట్టుపక్కల లేదు. ఉన్నది మీ నాన్నా, నేనూ, ఆ ఇద్దరు పిల్లలూ. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి నిన్ను మార్చుకుంటూ బతికాం. అందుకని ఆ మాట. నవ్వుకుంటూనే అనేవాళ్ళు, కానీ అనేవాళ్ళు. అన్నయ్య ఒక్కసారీ మర్చిపోలేదు. ఒక్కసారీ.

పార్కులో రెండో రోజు మధ్యాహ్నం. ముందు వారమంతా నాకు రాత్రి డ్యూటీలు. అవి అవుతూనే సామాన్లు సర్దుకుని బయల్దేరాం. హోటల్లో నువ్వు కొత్త మంచమని రెండు రాత్రులూ నా పొట్ట మీదే పడుకున్నావు. నేను మనిషినా, నడుస్తున్న పరుపునా, నాకే తెలీదు.

ఆ గుహ రైడ్ ఉందే, పడవలో వెళ్ళి పైనుంచి జారేది, దాని ముందు నాన్నా అక్కా లైన్లో నిలబడ్డారు. చంటిపిల్లలున్న వాళ్ళకి ఓ చీటీ ఇస్తారు. ఒక జట్టు ఎక్కి వచ్చాక, పిల్లని చూసుకుంటూ బయట ఉన్నవాళ్ళు లైన్ లేకుండా ఎక్కొచ్చు. ఆ చీటీ అన్నయ్య జేబులో ఉంది. వాడు నిన్ను ఫౌంటెన్ దగ్గర ఆడిస్తున్నాడు. నేను నీడ చూసుకుని బెంచీ మీద కూలబడ్డాను. కళ్ళు ముయ్యలేదే, వాటంతటవే మూతలు పడ్డాయి.

లోపలికెళ్ళిన పావుగంటకి నాన్న ఫోన్ చేసి, "మా రైడ్ అయిపోయింది, నువ్వు వచ్చెయ్యరా, చీటీ గేటు ఖాళీగా ఉంది" అన్నారట వాడితో. వాడు నిన్ను బెంచీ దగ్గరికి తెచ్చాడు. నీ నీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టాడు. వంగి, నా చెవి దగ్గర, "అమ్మా, నీకిచ్చాను" అన్నాడు.

నేను "నా దగ్గరుంది" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అన్నాను. ఏళ్ళ తరబడి ఆ మాట అనీ అనీ, నిద్రలో కూడా నోరు దానంతటదే తిరిగింది. నా గొంతు నాకు వినబడింది చిన్నీ. ఎక్కడో దూరంగా, పక్కింట్లోంచి వినబడినట్టు. కానీ వినబడింది.

వాడు వెళ్ళాడు. వెళ్ళకేం చేస్తాడు? పద్ధతి ప్రకారం అప్పచెప్పాడు.

నన్ను లేపింది మీ నాన్న. "పాపేది?"

అంతే. మూడక్షరాలు. ఫౌంటెన్ దగ్గర లేవు. బెంచీ కింద లేవు. ఎటు చూసినా పిల్లలే, అందరివీ నీలాంటి కాళ్ళే. నా ఒళ్ళో నీ నీళ్ళ సీసా ఉంది. దాన్ని చూశాను. ఒక్క క్షణం. గబుక్కున సంచిలోకి తోసేశాను.

ఎందుకు తోశానో అప్పుడు నాకు తెలీదనుకోకు. తెలుసు.

తప్పిపోయిన పిల్లల గదికి తీసుకెళ్ళారు. గోడల నిండా ఏనుగు బొమ్మలు, ఉన్నవన్నీ బుల్లి కుర్చీలు. అందులో కూర్చోబెడితే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. యూనిఫాంలో ఉన్నావిడ కాగితం తీసింది. పేరు, వయసు, చొక్కా రంగు. చకచకా చెప్పాను, పసుపుపచ్చ, చేతి మీద నంబరుంది, అన్నీ. తర్వాత అడిగింది, "చివరిసారి పాప ఎవరి దగ్గరుంది?"

అప్పుడే అన్నయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా తడి. "అమ్మ దగ్గర! అమ్మా, నీకు చెప్పానుగా! నా దగ్గరుంది అన్నావుగా!"

"నువ్వు నాకేం చెప్పలేదురా."

అలా వచ్చేసింది నోట్లోంచి. భయం చిన్నీ. తల్లి బెంచీ మీద నిద్రపోయిందని ఆ కాగితం మీద పడితే? రేపు పిల్లల సంరక్షణ ఆఫీసు వాళ్ళెవరైనా ఇంటికొచ్చి తలుపు కొడితే? మీరు పిల్లల్ని పెంచడానికి పనికిరారంటే? మనకి ఇక్కడ పూచీ పడేదెవరు? ఆ భయం అబద్ధం కాదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకున్నది మాత్రం నేనే.

మీ నాన్న వాడి భుజం పట్టుకుని కుదిపేశారు. "రైడ్ ధ్యాసలో పడి చెప్పాననుకున్నావు. రెండేళ్ళ పిల్లరా!" అక్క ఏడుస్తూ, "వీడెప్పుడూ ఇంతే" అంది. వాడు ఎవరి మాటా వినట్లేదు. నన్నే చూస్తున్నాడు.

"చెప్పలేదా?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

చాలా మెల్లిగా, "చెప్పలేదేమో" అన్నాడు.

ఆ "ఏమో" ఉందే... సరేలే.

ఆవిడ రాసింది, "అన్న దగ్గర" అని. కింద సంతకం పెట్టమంది. పెట్టాను. ఒక్క మాత్ర తేడా ఉంటే పొట్లం వెనక్కి పంపే చెయ్యి ఇది.

నలభై నిమిషాలకి దొరికావు. ఎక్కడో తెలుసా? పిల్లల బండ్లు వరసగా నిలిపే చోట. మన బండి లాంటిదే, నీలంది, ఎవరిదో. ఎక్కి పడుకుని వాళ్ళ దుప్పటి కప్పుకుని మరీ నిద్రపోతున్నావు. తుడిచే ఆవిడ చూసి, చేతి మీద నంబరుకి ఫోన్ చేసింది. ఇంట్లో నీకూ నాకూ నిద్ర మీద ఒకటే ప్రేమ.

నవ్వు, పర్లేదు. ఇక్కడ నవ్వొచ్చు.

మిగిలిన రెండు రోజులూ మీ అన్నయ్య ఒక్క రైడూ ఎక్కలేదు. పసుపు చొక్కా విప్పలేదు. నీ బండి కడ్డీ పట్టుకునే తిరిగాడు. అక్క చీకాకుపడి, "క్వాక్ అనరా" అంటే కూడా అన్లేదు.

ఆ తర్వాత మొదలైంది. గ్యాస్ కట్టానా? తలుపు వేశానా? చెప్పానా? చేసిన పని చేశానని నమ్మడు. ఇందాక లిఫ్టు దగ్గర్నుంచి తిరిగొచ్చింది నా మీద అనుమానంతో కాదే. తన నోటి మీద అనుమానంతో. ఆ అనుమానం పెట్టింది నేను.

చెబుదామని మూడుసార్లు కూర్చున్నాను. కాలేజీకి పంపే రోజు. పెళ్ళి ముందు రోజు. ఇది పుట్టినప్పుడు హాస్పిటల్లో. నర్సు చేతికివ్వబోతే, "ముందు నన్ను కూర్చోనివ్వండి, పక్కన ఎవరైనా ఉండండి" అన్నాడు. "ఒరేయ్, ఆ రోజు పార్కులో..." అని మొదలుపెట్టాను. "వదిలెయ్యమ్మా, నాకూ గుర్తుంది. ఇంకెప్పుడూ అలా జరగనివ్వను" అన్నాడు. నన్నే ఓదార్చాడు! నోరు పెగల్లేదు. పెగల్లేదనడం కూడా వంకే. ఓదారుస్తుంటే హాయిగా ఉంది. ఓదార్చనిచ్చాను.

అలా చూడకు. పదిహేనేళ్ళ పిల్ల నెత్తిన పెడుతున్నానని నాకూ తెలుసు. ఇది పిరికితనమే. అప్పుడు ఒక పదిహేనేళ్ళ వాడి నెత్తిన పెట్టాను, ఇప్పుడు నీ నెత్తిన. ఏం చెయ్యను, అలవాటైపోయింది.

నేను చెబితే, అమ్మ తనని తేలికపరచడానికి అంటోందనుకుంటాడు. నువ్వు చెప్పు. నీళ్ళ సీసా సంగతి చెప్పు, అది వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, అప్పుడు నమ్ముతాడు. చెప్పావురా అన్నయ్యా, పైకే చెప్పావు, అమ్మ ఔనంది అను. ఇది పెద్దయ్యాక దీనికీ చెప్పు. వాళ్ళ నాన్న ఒక్కసారీ మర్చిపోలేదని.

లిఫ్టు మోగింది. వాళ్ళే అయ్యుంటారు.

ఇటు చూడు. నా కళ్ళు చూడు, తెరిచే ఉన్నాయిగా? నీకిచ్చాను.

ఏం, మాట్లాడవేం? రెండో మాట నువ్వనాలి. అదిగో, తలుపు దాకా వచ్చేశారు. అనవే తల్లీ. నా దగ్గరుంది అను.