కామాక్షి ఎంచిన బ్యాటరీ మిషన్లు

కామాక్షని ఉండేదంట, గోదారి మధ్య లంకలో వడ్రంగం చేసే నాగలింగం పెళ్ళాం. వంట చేసి కూర్చునే మనిషనుకునేరు, కాదు! ఆయన దుంగ కోస్తే రంపం అవతల కొస ఈవిడే పట్టేది, ఆయన తలుపు చేస్తే నునుపు పెట్టేది ఈవిడే. ఏమైందంటే, వాళ్ళ పని పాకలో కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. పోనీ గుమ్మం బిగించడానికి ఎవరింటికన్నా ఎల్తే ప్లగ్గు ఓ మూల, పని ఓ మూల, వైరేమో చాలదు. ఇంక ఇలాక్కాదని, బ్యాటరీతో నడిచే మిషన్లు కొనుక్కుందామని ఇద్దరూ రేవు దాటి రాజమండ్రి ఎల్లారంట.

కొట్లోకి అడుగెట్టారో లేదో, నాగలింగం కళ్ళు అన్నిటికన్నా పెద్ద డ్రిల్లు మీద పడ్డాయి. ఎంతుందనుకున్నారు? పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలి. "ఇదేనే కామాక్షీ! ఇదుంటే గోడలు కూలగొట్టెయ్యొచ్చు!" అన్నాడు. "మనం కూలగొట్టేవాళ్ళమా, బిగించేవాళ్ళమా?" అంది ఈవిడ. అని ఊరుకుందా? కొంగు దోపుకుని, స్టూలెక్కి, ఆ మిషను తల మీదకి ఎత్తి పట్టుకుంది. ఇంటి పనైనా పాకలో పనైనా, అటకకి చెక్క బిగించాలంటే ఇలాగే గదా పట్టాలి, అంది. కాసేపటికే బరువు ఆపలేక దింపేసింది. సరే అని చిన్నది తీసుకుంది. అది తేలిక, బొమ్మలాగుంది. అప్పుడు సంచిలోంచి ఏం తీసిందో చెప్పుకోండి? రాయిలాంటి నల్లతుమ్మ చెక్క! ఇంటి దగ్గర్నించి మోసుకొచ్చిందండీ. కొట్టాయన గాభరాపడి, "అమ్మా, కొట్లో బెజ్జాలు పెట్టకూడదమ్మా" అన్నాడు. "ఇంటికెళ్ళి పెట్టాక దిగలేదంటే వెనక్కి తీసుకుంటారా బాబూ?" అంది.  చివరికి ఆయనే చెక్క పట్టుకున్నాడు. చిన్నది మూలిగి, కమురు వాసనొచ్చి, ఆగిపోయింది. మధ్యరకందేమో గుయ్యిమని దిగిపోయి, చెక్కపొట్టంతా ఎగిరి కొట్టాయన చొక్కా మీద పడింది! జనం ఒకటే నవ్వు. కామాక్షి నవ్వలేదు. "దీని బ్యాటరీ ఆ రంపం మిషనుకి కూడా పడుద్దా?" అనడిగింది. పడుద్దమ్మా, ఈ వరసలో అన్నిటికీ అదే, అన్నాడు. అయితే ఈ డ్రిల్లూ ఆ రంపమూ, రెండు బ్యాటరీలూ కట్టెయ్యమంది. తిరుగు పడవలో నాగలింగం మూతి ముడుచుకునే కూర్చున్నాడు. "ఆడదాని చేతికి సరిపోయే మిషను కొన్నానని ఊళ్ళో నవ్వుతారు" అంటాడు. ఈవిడేమో బ్యాటరీలు తడవకుండా సంచిలో సర్దుకుంటంది.

ఇంతలో శ్రావణం వచ్చింది, గోదారి వచ్చేసింది. ఎలాగొచ్చిందనుకున్నారు, చూస్తండగానే అరటితోటలోకి వచ్చేసింది! ఊరికి మిగిలింది పోలయ్య పడవొక్కటే. ముసలోళ్ళూ, చంటిపిల్లల తల్లులూ ఒడ్డున మూటలతో నిలబడ్డారు. పోలయ్య ఆత్రంగా పడవ ఒడ్డుకి తెస్తంటే నీళ్ళలో మునిగిన మోడు తగిలి, అడుగు చెక్క ఫెళ్ళున పోయింది. "మన పని అయిపోయిందిరా దేవుడా!" అని ఏడుపులు. కరెంటు ఎప్పుడో తీసేశారు. కామాక్షి ఒక్క పరుగున ఇంటికెళ్ళి మిషన్ల సంచి నెత్తిన, చెక్కా బోల్టులూ చంకన పెట్టుకుని వచ్చేసింది. అందరూ పడవని ఒడ్డుకి లాగి, పక్కకి ఒరగెత్తి, కింద దుంగలు పెట్టారు. నాగలింగం బురదలో వెల్లకిలా పడుకుని పడవ కిందకి దూరాడు. వాన పడకుండా నలుగురు బరకం పట్టారు. ఈవిడ రంపంతో కొత్త చెక్క కోసి అందిస్తే, ఆయన డ్రిల్లు పైకెత్తి పట్టుకుని బెజ్జం మీద బెజ్జం! నీళ్ళు ఆయన మడమల్ని తాకినాయి. "కానీయండి, కానీయండి!" అంటంది కామాక్షి. ఇంకొక్క బెజ్జం ఉందనగా డ్రిల్లు ఆగిపోయింది! బ్యాటరీ అయిపోయింది! "కామాక్షీ!" అని కేకేశాడు. ఆవిడ అప్పటికే రంపంలోంచి రెండోది ఊడబీకింది. టక్కున పెట్టింది, గుయ్యిమంది. బోల్టులు పడ్డాయి, సందుల్లో గుడ్డ కుక్కారు, తారు పూశారు, పడవ తేలింది!

అందర్నీ దాటించి ఆఖరి విడతలో మొగుడూ పెళ్ళాం ఎక్కారు. ఒళ్ళంతా బురద, నాగలింగం తన చెయ్యి చూసుకుని, "ఆ పెద్దదైతే నా రెక్క పడిపోయుండేదే" అన్నాడంట. "అది సరే, ముందు నీళ్ళు తోడండి, ఇంకా ఊరతంది" అందంట ఆవిడ.

ఇప్పటికీ లంకలో ఎవరైనా ఆ మిషన్లు ఎంచిందెవరని నాగలింగాన్ని అడగండి. "మేం ఎంచాం" అంటాడు. మేమంట! నేనని అనలేదు గదా. నాకు తెలిసిన మగాళ్ళలో అంతమాత్రం ఒప్పుకున్నవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి, కథ మళ్ళీ మొదట్నించీ చెప్తాను.