వేడినీళ్లలో ఒక చెంచా

2023 సెప్టెంబర్ 14, గురువారం. కళ్యాణదుర్గంలో పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది. గాలి లేదు, ఒకటే ఉక్క, చినుకు మాత్రం పడలేదు.

మా అన్న ఓబుళేసు పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆయన బేకరీ ఎవరి చేతికి వెళ్లాలో ఆ సాయంత్రం చెబుతానంది మా వదిన లక్ష్మీదేవమ్మ. బేకరీ మెట్టు మీద కూర్చుంది. ముప్పై ఏళ్లుగా అక్కడ కేకులు చేస్తున్న అబ్దుల్ గఫూర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కనే యేసన్న టీ బంకు, దాని ముందు బెంచీ, బెంచీ మీద నేను. బేకరీ నాకే రావాలని నా ఆశ. అందుకే ఈ పని నాకూ తెలుసని చూపించుకోవాలని నోరు తెరిచాను. డెబ్బైల్లో అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఎవరూ అడగకపోయినా చెబుతాను.

“పిండి చెడిపోతాది అంటారు గదా, అదంతా సముద్రం పక్కన ఉండేవాళ్ల బాధ. మన సీమలో తేమ యాడుంది చెడిపోయేదానికి? మా ఇంట్లో ఒక కార్న్‌ఫ్లోర్ డబ్బా ఉండాది, నేను డిగ్రీ పాసైన ఏడు కొన్నది. పాసైంది సెకండ్ క్లాసే అనుకో, లెక్చరర్‌కు నా మీద కోపం, ఆ కత వేరే. ఒకసారి అందులోది ఒక చెంచా సూప్‌లో వేస్తే గరిటె నిటారుగా నిలబడింది!”

“తడి తగలకుంటే కార్న్‌ఫ్లోర్ చెడకుండా ఉంటాది లేన్నా,” అన్నాడు గఫూర్.

“విన్నారా! గరిటెదేముంది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ఏడు శింగనమల చెరువు నిండి కట్ట కారుతాంది. ఊరంతా గోల. నేను బస్సు దిగి నేరుగా పోయి అర డబ్బా కలిపినా. మన ఎండ సంగతి తెలుసు గదా, మధ్యాన్నానికి చెరువంతా ఉడికి గట్టిపడిపాయ. జనం చెప్పులేసుకోని అవతలి గట్టుకు నడిచిపోయినారు.”

“మరి చేపలో?” అన్నాడు యేసన్న.

“యాడివి ఆడనే నిలబడినాయి. సీతాఫలాలు కోసుకున్నట్టు కోసుకున్నారు.”

ఇరవై రోజుల తర్వాత వదిన మొహంలో నవ్వు కనిపించింది. అది చూసి నాకు హుషారెక్కింది.

“ఇంక బేకింగ్ పౌడర్ ఉండాదే, పాతబడే కొద్దీ దాని బలం పెరుగుతాది. ఒకసారి మా ఇంట్లో కేకు పొంగి, పొయ్యి మూత ఎగరగొట్టి, కిటికీలోనుంచి బయటపడి బస్టాండు దాకా పాయ. అనంతపురం బస్సుకు అడ్డం. డ్రైవరు దిగి, తినుకుంటా తినుకుంటా దారి చేసుకోని పోయినాడు!”

“కండక్టరు కేకుకు టికెట్ కొట్టలేదా?” అని నవ్వాడు యేసన్న.

“నవ్వప్పా, నవ్వు. నమ్మకుంటే బేకరీలో గఫూర్ వాడే పౌడర్ డబ్బా తీసి చూడు. పోయిన నెల అది ఖాళీ అయితే నింపింది ఎవరనుకున్యావు? నేను! పద్నాలుగేండ్లు మా ఇంట్లో దాచిపెట్టిన పౌడర్ అది. మా అన్నకు కూడా చెప్పలే.”

యేసన్న నవ్వు ఆగిపోయింది. నేనన్న మాట నా చెవికీ అప్పుడే తగిలింది.

గఫూర్ లోపలికి వెళ్లి ఆ డబ్బా తెచ్చాడు. “యేసన్నా, ఒక గ్లాసు వేడినీళ్లు పొయ్.”

అందులో ఒక చెంచా వేశాడు. పౌడర్ మంచిదైతే బుసబుసమని పొంగాలి. ఆ సంగతి నేను కాలేజీలో చదివిందే. పొడి ముద్దకట్టి నెమ్మదిగా అడుక్కి దిగింది. ఒక్క బుడగ రాలేదు.

“పోయిన నెల కేకులన్నీ రొట్టెల మాదిరి అణిగిపోయినాయి గదన్నా,” అన్నాడు గఫూర్, గ్లాసులోకే చూస్తూ. “ఓబుళేసన్న మంచంలోనుంచి అడిగినాడు, నీ చేతికేమొచ్చింది గఫూరూ అని. ఏమొచ్చిందో నాకే తెలీక తలొంచుకున్యా.”

వదిన నా వైపు తిరిగింది. “నువ్వు ఆడనే కూర్చోనుంటివి రామదాసూ. ఆ దిగులుతోనే మీ అన్న కండ్లు మూసినాడు. తెలిసే గమ్మునుంటివా?”

తెలుసు. రెండో రోజు అణిగిన కేకు చూసినప్పుడే తెలిసింది. చెబితే అన్న దగ్గర నా చదువు పరువు పోతుందని ఊరుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా నాలుగు రేపులు గడిచాయి, ఐదోది అన్నకు రాలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇదేమీ చెప్పలేదు. “ఈ ఉక్కకు డబ్బాలో తేమ చేరి...” అని ఏదో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. ఎవరూ తర్వాత ఏమైందని అడగలేదు.

యేసన్న గ్లాసు తీసుకుని నీళ్లు రోడ్డు మీద పారబోశాడు.

బేకరీ, పొయ్యి, అన్న చేత్తో రాసుకున్న కొలతల నోటుబుక్కు గఫూర్‌కు వచ్చాయి. ఇల్లు వదినదే. అన్న సైకిల్ యేసన్నకు ఇచ్చింది. నాకు ఏమీ రాలేదు, అడిగే మొహమూ లేదు. “తప్పు నీది కాదు గఫూరూ” అని మా అన్న నోట రావాల్సిన ఒక్క మాట ఉంది. అది గఫూర్‌కూ రాలేదు.