అల్లుని కారుకు ఆయిల్ మార్చుడు

సిరిసిల్లలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఇంటి ముందు, బానెట్టు తెరిచి ఉన్న అల్లుడి కొత్త కారు ముందు చక్రాలు రెండూ గ్రానైటు దిమ్మెల మీదికి ఎక్కి ఉన్నాయి. దాని కింద గోనెపట్టా పరుచుకొని రాజేశం వెల్లకిలా పడుకున్నాడు. సాంచెలు, అంటే మరమగ్గాలు, నలభై ఏళ్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. పక్కన కుర్చీలో కూతురు అలేఖ్య, చేతిలో టార్చి.

"…గది సరే గని, ఇంజన్ ఏడున్నది బిడ్డా?"

"కారుల్నే ఉన్నది బాపు."

"ఎటకారం ఆపి టార్చి ఇటు పట్టు. కిందికెళ్లి చూస్తె పురాగ నల్ల ప్లాస్టిక్కే. ఒక్క నట్టు లేదు, బోల్టు లేదు. బోర్లేసిన టబ్బు తీరున్నది."

"అది మూతనట. దుమ్ము రాకుంట."

"దుమ్ము రాకుంటనా, మనిషి రాకుంటనా? నా బండికైతె కింద ఒక్కటే బోల్టు. కండ్లు మూసుకున్నా చెయ్యి పోయి దాని మీదనే పడుతది. పది నిముషాల పని."

"నీ బండి కొన్నప్పుడు నేను పుట్టనే లేదు."

"గందుకే ఇంక నడుస్తుంది."

"మీ అల్లుడు రుద్రంగికెళ్లి నాలుగింటికి అస్తడు బాపు. దోస్తుల బండిల పోయిండు, దావతు అయినంక గదే బండిల దింపుతరట. రాంగనే నన్ను ఎక్కించుకొని కోరుట్లల మా ఇంటికి పోవుడే. గప్పటికి అయితదా?"

"మూడు గంటల టైమున్నది. ఆయిల్ మార్చుడంటె సాంచె మొత్తం ఊడదీసుడా ఏంది? షోరూముల ఇచ్చి, సోఫల కూసుండి, చాయ తాగి అచ్చి, మీ ఆయన దాన్నొక పండుగ చేస్తడు. నేను చేసి చూపెడుత. ఇవేందివి, మేకులా?"

"ప్లాస్టిక్ గుండీలు."

"గుండీలా? కారుకు అంగి తొడిగిండ్రా? ఎన్నున్నయి?"

"పద్నాలుగు."

"కింద పండుకున్న నాకే కనవడ్తలేవు, కూసున్న నీకెట్ల తెల్సు?"

"ఊకె అన్న. ఊడగొట్టు నువ్వు… ఏంది టప్పుమన్నది?"

"ఏం లేదు."

"ఇరిగిందా?"

"ఇరగలే. ఇరిగింది. ఒక్కటే. ఆ… రెండు."

"ఆయనేమంటడో మరి."

"అయితె ఇడిసిపెడుదాం బిడ్డా. ఉన్నయి ఉన్నట్టు ఒత్తేస్త. ఎవలు చూస్తరు?"

"ఇడిసిపెట్టు. నాకేం. ఆయన అననే అన్నడు."

"ఏమన్నడు?"

"ఏం లేదు తియ్యి."

"ఏమన్నడే?"

"మీ బాపుది సాంచెల జమాన, అది అయిపోయింది, ఇగ ఇంట్ల కూసుండి టీవీ చూసుకొమ్మను అన్నడు."

"గట్లన్నడా?"

"నవ్వుకుంట అన్నడు."

"ఆ పెద్ద స్క్రూడ్రైవర్ ఇటియ్యి."

"బాపు, నిమ్మళంగ."

"నువ్వు టార్చి పట్టు. టీవీ చూసుకోవాల్నా నేను? ఇగో, ఊడింది అంగి. బోల్టు గూడ దొరికింది. గని దీని తలకాయ ఏది?"

"తలకాయ ఏంది?"

"పానా పట్టనీకె అంచు లేదు. నడుమల బొక్క, ఆరు మూలలది. నా డబ్బల ఇరవై పానాలున్నయి, ఒక్కటి పనికి రాదు. దీన్ని చేసినోడు బాగుచేసెటోళ్ల మీద పగ వట్టి చేసిండు. ఇగ నాతోని గాదు. లేస్త."

"కొత్త సాంచెలు తెచ్చినప్పుడు మీ సేటు ఒక కీల గుత్తి ఇచ్చిండు గదా. ఆరు మూలలయి."

"అది ఏడనో అటక మీద ఉన్నది. ఎవలు దింపుతరు?"

"నీ తలకాడ ఉన్నది చూడు."

"ఎప్పుడు దింపినవే?"

"చాయ పెట్టనీకె పోయినప్పుడు. పట్టిందా?"

"పట్టింది. సూది లెక్క పట్టింది. ఎవలదా ఫోను మోగేది?"

"నాదే. ఆయన. నువ్వు మాట్లాడకు. హలో. ఆఁ. ఇంటి ముంగటనే. లేదు, ఏడికి పోలే. బానెట్టా? బాపు తెరిచిండు, ఊకె చూస్తుండు. ఎవలు లేరు. బాపొక్కడే, నిజంగ. ఫోటోనా? సరే. పెడుత. ఇప్పుడే పెడుత."

"బానెట్టు తెరిచింది రుద్రంగిల ఉన్నోనికి ఎట్ల తెల్సిందే?"

"కారే చెప్తది, ఆయన ఫోన్ల. ఎప్పుడు స్టార్టైంది, ఏ తొవ్వ పట్టింది, ఏడ ఎంతసేపు ఆగింది, అన్ని చెప్తది."

"వారెవ్వ. ఆయిల్ ఏడున్నదో చెప్పది గని, పెండ్లాం ఏడున్నదో చెప్తదన్నట్టు."

"ఊఁ."

"నవ్వవేందే? నవ్వుతవని అన్న."

"పోయిన నెల జగిత్యాలకు పోయినప్పుడు సుమలత ఇంటికాడ జర ఆగిన. పావుగంట."

"చదువుకున్నప్పటి దోస్తు గదా. ఆగితె ఏమాయె?"

"ఏం లేదు. ఆయిల్ పట్టే గిన్నె, ఆ తసల జరుపు, బయట పడుతది."

"ఫోటో ఎందుకంట?"

"తసల జరుపు బాపు."

"జరిపిన. చూడు, ఎట్ల కారుతుందో. ఆయిలేనా ఇది? నీళ్ల లెక్కున్నది. జర లోపట ఉంచాల్నా?"

"అద్దు. పురాగ పోనియ్యి."

"ఫిల్టరు మార్చుడు ఇయ్యాల గాదు. దానికి వేరే టోపీ లాంటిది కావాలె, అది షోరూమోళ్ల తాననే ఉంటదట. ఫిల్టర్ తియ్యనీకె టోపీ, బోల్టు తియ్యనీకె కీ, గుండీలు తియ్యనీకె ఇంకేందో. కారు కొన్నడా మీ ఆయన, కిరాయికి తెచ్చుకున్నడా? ఆఁ, తసల గుంజుకో. బోల్టు బిగిస్త."

"గుంజుకున్న. నువ్వు మంచిగ బిగియ్యి. తొందరేం లేదు."

"అయిపాయె. లేపు నన్ను. అబ్బ, నడుము. చూసినవా? టైము రెండు గూడ గాలే. ఇగ డబ్బ ఇటియ్యి, కొత్త ఆయిల్ పోద్దాం. మీ ఆయనను చూసుకొమ్మను టీవీ."

"బాపు, ఆగు. ఈ బిరడ మీద ఏదో రాసున్నది. సున్న డబ్ల్యు ఇరవై."

"అంటె?"

"పల్చటి ఆయిల్ పొయ్యాల్నట. నువ్వు తెచ్చిన డబ్బ మీద ఇరవై డబ్ల్యు నలభై ఉన్నది."

"నా బండికి పోసేది గదే. ఆయిలంటె ఆయిలే."

"చిక్కటిది పోస్తె ఇంజన్ ఖరాబైతదట."

"గా పల్చటిది ఏడ దొరుకుతది?"

"కరీంనగర్ షోరూముల."

"నడువు మరి, నా బండి మీద పోయి తెస్త."

"ఆదివారం. బందుంటది."

"పోనియ్యి. తీసిన ఆయిలే మల్ల పోద్దాం. ఒక్కపూట ఏం కాదు. తసలేది?"

"లేదు."

"లేదంటె? ఇప్పుడు గుంజుకుంటివి గదా."

"మోరిల పారబోసిన."

"పారబోసినవా? గింత జల్ది ఏమచ్చిందే? నాలుగింటికి ఆయన అస్తె కారు ఎట్ల కదులుతది? నేనేం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"చెయ్యరాలేదని చెప్పు."

"నలభై ఏండ్లు సాంచెలు నడిపిచ్చినోన్ని, చెయ్యరాలేదని చెప్పాల్నా? ఆయిల్ నంబరేదో ముందుగాల చూస్తె కాకపోవునా?"

"చూసిన."

"ఏంది?"

"కారు పుస్తకం పొద్దుగాలనే చదివిన బాపు. గుండీలెన్ని, కీ ఎసొంటిది, ఆయిల్ నంబరేంది, అన్ని చదివిన. నువ్వు తెచ్చింది దీనికి పనికిరాదని తెలిసినంకనే నిన్ను కిందికి పొమ్మన్న."

"మరి మీ ఆయన నన్ను గట్లన్నడంటివి?"

"ఆయన ఏమనలే. నేనే కల్పించిన. లేకుంటె రెండు గుండీలు ఇరగంగనే లేస్తుంటివి."

"నన్ను పిచ్చోన్ని చేసుడెందుకే బిడ్డా? ఏమైంది?"

"సుమలత ఇంటికాడ ఆగిన అన్న గదా. తెల్లారినుంచి వారం దినాలు నన్ను ఇంట్ల పెట్టి, బయట తాళమేసి దుకాణానికి పోయిండు."

"తాళమా?"

"తాళమే. గీ కారు కదిలితె నేను నాలుగింటికి మల్ల అదే ఇంటికి పోవాలె."

"నాకొక మాట చెప్పద్దా? నోరు లేదా నీకు? నేను సచ్చిన్నా?"

"దసరకు అచ్చి ఏడ్చుకుంట చెప్తె, సర్దుకో బిడ్డా అని బస్సెక్కించినవ్ బాపు. నేను ఖరాబైతె పంపినవ్, కారు ఖరాబైతెనన్న ఉండుమంటవని."