ఎవరో చేసిన ఫ్రేము

రాయ్‌పూర్, గుఢియారీ. ఆదివారం పొద్దున పెరట్లో పాత సైకిల్ ఫ్రేము ముందేసుకుని కూర్చున్నాడు సందీప్. వంటింటి గుమ్మంలో అతని తల్లి పైడమ్మ.

"...అదీ సంగతి. పేరు లేదమ్మా, నంబరు లేదు, బిళ్ళ కొట్టిన గుర్తు కూడా లేదు. ఎవరు చేసినట్టు?"

"ఎవడో చేసుంటాడు. ఎక్కడిదిరా ఇది?"

"టాటీబంధ్‌లో, పాత ఇనుము కొనే కబాడీ దుకాణంలో. లారీ సామాన్ల కింద పడుంది."

"అక్కడే పడీసి రా. మనుషులు తిరగడానికే చోటు లేదిక్కడ."

"ఒక్కసారి చూడమ్మా. గొట్టాలు కలిసే చోట రంగు గీకాను. ఇత్తడి ఎంత సన్నగా పారిందో చూడు, దారప్పోగులా. కంపెనీ మాల్ కాదు, ఎవరో చేత్తో చేసింది."

"నాకేటి తెలుస్తాది? పొయ్యి మీద పప్పుంది."

"కిరణ్ సార్‌కి ఫోటో పంపాను."

"ఆయనెవరు?"

"మా బ్యాంకు మేనేజరు. మన తెలుగాయనే. మా సైకిల్ గ్రూపు నడిపేది ఆయనే. ఇలాంటి చెయ్యి మన ఊళ్ళో ఉండేదా అని నిన్నట్నుంచి ఒకటే మెసేజీలు. చేసినవాడు బతికుంటే అందరం వెళ్ళి శాలువా కప్పుదాం అంటున్నాడు."

"శాలువా ఏటి, సైకిళ్ళు అతికినోడికి!"

"ఎందుకు కప్పకూడదు? ఆగు, ఈ పెడల్ గొట్టం లోపలేమైనా నంబరుందేమో..."

"ఏలు పెట్టకు! ఎడమ పక్క అంచు గీసుకుంటాది!"

"అబ్బా! గీసుకుంది."

"చెప్పానా. ఉండు, పసుపు తెస్తాను."

"అమ్మా."

"ఎక్కడ పెట్టానో పసుపు..."

"అమ్మా, ఆగు. ఎడమ పక్క అని నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను. ఇనుమన్నాక అంచుండదా?"

"ఎడమ పక్క అన్నావు."

"ఎడమేటి, కుడేటి! పప్పు మాడిపోతంది..."

"ఇదిగో, పొయ్యి నేనే కట్టేశాను. కూర్చో."

"తల్లిని ఇలా నిలదీస్తావేట్రా?"

"ఇది చేసిందెవరో నీకు తెలుసు. కోటయ్య మామా? మన సందు చివర సైకిళ్ళ షెడ్డుండేది, ఆయనేనా?"

"ఆయనే. ఆయనే అనుకో. ఆ మాటే మీ సారుకి చెప్పీ."

"ఆయన చేసినవాటి మీద పేరు కొట్టుండేది కదా. మన పాత సైకిల్ మీద కూడా ఉండేది."

"దీనికి కొట్టలేదు."

"ఎందుకని?"

"ఆయన చెయ్యి కాదు గనక."

"మరెవరిది?"

"వదిలీరా నాన్నా."

"ఎవరిదమ్మా?"

"...మీ నాన్న మంచాన పడ్డాక నేను ఆఫీసరు బంగళాలో వంటకి ఎల్లలేదు."

"అదేంటి? రోజూ వెళ్ళేదానివి కదా!"

"ఎల్లీదాన్ని. బంగళాకి కాదు, కోటయ్య షెడ్డుకి. ముందు ఊడవడానికి పెట్టుకున్నాడు. ఓ దినం గొట్టాలు పట్టుకోమన్నాడు. తర్వాత మంట పట్టుకోమన్నాడు. నీ చెయ్యి వణకదు పైడమ్మా అని అతుకులన్నీ నాకే వదిలీసినాడు. ఆ పెడల్ గొట్టం లోపల ఎడమ పక్కకి నా ఆకురాయి అందీది కాదు. అందుకే ఆ అంచు అలా ఉండిపోయీది, అన్నిటికీ."

"మరి నీ చేతుల మీద ఈ మచ్చలు? పూరీల నూనె చిందిందని..."

"నూనె కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని చెప్పను? మొగుడు మంచం మీదుంటే పైడమ్మ మగాళ్ళ మధ్య కూకుని ఇనుము కాలస్తందని రైల్వే కాలనీ అంతా చెప్పుకోవాలా? వంటంటే ఎవరూ ఏటీ అనరు. ఎనక తలుపు నుంచి ఎల్లీదాన్ని. మనోళ్ళెవరైనా వస్తే గోనెపట్టా చాటుకి పోయీదాన్ని. ఓపాలి నువ్వే వచ్చావు, చైను ఊడిందని."

"నేనా?"

"నువ్వే. స్కూలు బట్టల్లో. దాక్కోడానికి టైము లేకపోయింది. మొహానికి గుడ్డ, కళ్ళకి నల్లద్దాలు. నా పక్కనే నిలబడి కోటయ్యతో మాట్లాడి ఎల్లిపోయావు. గుర్తుపట్టలేదు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాను."

"ఆ నల్లద్దాల మనిషి... అది నువ్వా!"

"అలా చూడకు. అందుకే చెప్పలేదు, ఇలా చూస్తావనే."

"మరి... పేరెందుకు కొట్టలేదు?"

"కోటయ్య ఒప్పుకోలేదు. నీ పనికి నా పేరు కొడితే దొంగతనం, నీ పేరు కొడితే ఒక్కడూ కొనడు అన్నాడు. నేను చేసినవి వట్టిగానే అమ్మీసీవోడు."

"ఇందులో సిగ్గేముందమ్మా? చెప్పు, సిగ్గేముంది? నేను చదివింది ఆ మంట మీదే కదా. సార్‌కి ఇప్పుడే చెప్తాను."

"వద్దురా, నీకు పుణ్యముంటాది."

"చెప్తాను. మా అమ్మే చేసింది సార్ అని చెప్తాను."

"ఇదివరకు నా గురించి ఏటి చెప్పావు ఆయనకి?"

"ఏముంది... మామూలే. ఇంటి దగ్గరే ఉంటుందని."

"మీ నాన్న గురించి?"

"రైల్వే అని."

"రైల్వేలో ఏటని?"

"ఆఫీసులో... అబ్బా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"పట్టాల మీద గ్యాంగుమన్ అని చెప్పలేదన్నమాట."

"సందర్భం రాలేదమ్మా. అంతే."

"సర్లే. సందర్భం రాలేదు."

"అది వేరు, ఇది వేరు. ఇది గొప్ప సంగతి. వాళ్ళలో ఒక్కరికైనా వస్తుందా ఈ పని?"

"...నిజంగా వస్తారంటావా? అంత పెద్దోళ్ళు, ఈ సందులోకి?"

"ఎందుకు రారు? అతుకు ఎలా వేశావో అడుగుతారు."

"అది చెప్పగలను. ఇత్తడిని తొందరపెట్టకూడదు. గొట్టం బాగా ఎర్రబడేదాకా ఊరుకుంటే అదే లోపలికి పారతాది. ఇదిగో, ఈ మూల చూడు. మంట ఇటు అందదు. మెడ వంచి, పక్కకి తిరిగి... దీనికి కోటయ్య కూడా శెబాష్ అన్నాడు."

"నవ్వుతున్నావమ్మా నువ్వు."

"పోరా. ...ఒరే, వాళ్ళు వస్తే ఆ నీలం చీర కట్టుకోనా? దాని జాకెట్టుకి చేతులు పొడుగు. మచ్చలు కనబడవు."

"కనబడనీ. ఏదైనా కట్టుకో. అదిగో, సారే ఫోన్ చేస్తున్నాడు."

"మాట్లాడు, మాట్లాడు. నేనిక్కడే కూకుంటాను. చప్పుడు చెయ్యన్లే."

"హా జీ, గుడ్ మార్నింగ్ సార్. ...తెలిసింది సార్, తెలిసింది. ఇక్కడే, గుఢియారీలోనే. ...ఎవరంటే... ఎవరో పాత మిస్త్రీ అట సార్. ...పేరా? పేరు తెలీదు. ...కలవడానికా? లేదు సార్... పోయాడట."