మోటబావి దగ్గర వీపు

చెంచయ్య మోటబావి ఎవరికి తెలీదు చెప్పండి. తూర్పు పొలాలకి పొయ్యే డొంకలో, జిల్లేడు చెట్లు మూసేసి, గట్టు కూలిపోయి ఉంటదే, అదే. పొద్దు వాలితే గొర్రెల్ని కూడా ఆ డొంకన తోలరు, మీరే చూస్తన్నారుగా, చుట్టూ తిరిగి కాలవగట్టు మీదుగా తోలుకొస్తారు. ఎందుకని అడిగితే దెయ్యం ఉందంటారు. ఉంటే ఉంది, అది ఎవరిదో, ఏం అడుగుద్దో మాత్రం ఒక్కరూ చెప్పరు. చెబుతా, ఇట్టా దగ్గరికి జరిగి కూకోండి, ఆ సెల్‌ఫోన్ లైటు ఆపండి, కళ్ళలో కొడతంది.

మీ తాతల నాటి మాట. గురవయ్యని ఉండేవాడు, పాత చావిడి వెనకాల ఇల్లు, ఒకరి జోలికి పొయ్యే మనిషి కాదు. ఒకనాడు మునిమాపు వేళ గేదెల్ని తోలుకుని ఆ డొంకన వస్తా ఉంటే, బావి దగ్గర ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడంట, నెత్తిమీంచి గొంగళి కప్పుకుని. వీపే కనపడింది. ఎవరో గొర్రెలోళ్ళులే అనుకుని వచ్చేశాడు. తెల్లారేసరికి ఆ బావిలో చెంచయ్య శవం తేలింది, నెత్తిన గొడ్డలి దెబ్బ. ఊరంతా గురవయ్యని చుట్టుముట్టి, నువ్వు అటే కదా వచ్చింది, ఎవర్ని చూశావు అని అడిగితే, గొంగళి కప్పుకున్న మనిషిని చూశానన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కలపలా. ఆ రోజుకి నిజమే చెప్పాడు పాపం.

అప్పట్లో గొంగళి లేని కొంప ఏది? అయినా అందరి మనసూ బయ్యన్న మీదికే పోయింది. నీళ్ళ వంతు దగ్గర బయ్యన్నకీ చెంచయ్యకీ అంతకుముందే గొడవైంది, నిన్ను ఇదే బావిలో తోస్తానని నలుగురి ముందూ అన్నాడు కూడా. కోపంలో మీరు అనరా అట్టాంటి మాటలు? సరే, పెద్దలు పోలేరమ్మ గుడి ముందు కూర్చుని, తడిబట్టలతో వచ్చి, దీపం ఆర్పి, నేను చంపలేదని చెప్పు, చాలు అన్నారు. మన ఊరికి అదే కోర్టు అప్పుడు. దీపం ఆర్పి అబద్ధం చెప్పినోడి ఇంట్లో మళ్ళీ దీపం వెలగదని నమ్మకం. బయ్యన్న తడిబట్టలతో వచ్చాడు, దీపం దాకా వచ్చాడు, వంగాడు, వంగి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను చంపలేదు, కానీ దీపం ఆర్పను అన్నాడంట. ఎందుకు ఆర్పవురా అంటే నేల చూపులు చూస్తా నిలబడ్డాడు.

ఇంకేం కావాలి జనానికి. గురవయ్య ఆ గుంపులోనే ఉన్నాడు, ఆ చెయ్యి వెనక్కి పోవడం కళ్ళారా చూశాడు. ఆ నిమిషాన అతని బుర్రలో ఆ వీపు బయ్యన్న వీపైపోయింది. కావాలని అబద్ధం ఆడలా, అది గుర్తు పెట్టుకోండి. నిజంగానే బయ్యన్ననే చూశాననుకున్నాడు, పోలీసులకి అదే చెప్పాడు.

అసలు సంగతి ఏందంటే, బయ్యన్న పెళ్ళాం నాసరమ్మకి అప్పుడే నెల తప్పింది. అంతకుముందు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోయినయ్. ఆడమనిషి కడుపుతో ఉంటే మొగుడు ఒట్టు వెయ్యకూడదు, నిజమైనా సరే వెయ్యకూడదు, దీపం అసలు ఆర్పకూడదు, అది వాళ్ళింటి ఆచారం. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి చెప్పనూ కూడదు. మరి ఏమని చెబుతాడు? ఆ బిడ్డ కోసం నోరు మూసుకున్నాడు, ఈలోపు సంకెళ్ళు పడ్డయ్. తర్వాత లాయరుకి చెప్పుకున్నాడంట, ఆయన నవ్వి, ఇక్కడ దీపాలతో పనిలేదయ్యా, సాక్షితోనే పని అన్నాడంట.

సాక్ష్యం చెప్పాల్సిన రోజున గురవయ్య కోర్టు మెట్లెక్కుతా ఉంటే, వరండాలో నాసరమ్మ కూర్చుని ఉంది, నిండు కడుపుతో. చూసి ఆగిపోయాడు. పల్లెటూరి మనిషేగా, నెలలు లెక్కేసుకుంటే తెలవదా? ఆ చెయ్యి ఎందుకు వెనక్కి పోయిందో ఆ మెట్ల మీద అర్థమైంది. ఆమె ఏడవలా, తిట్టలా. గురవయ్య ఆమెకి వరసకి బావ. బావా, నువ్వు చూసింది ఏందో అదే చెప్పు అని మాత్రం అన్నది. తలూపాడు. లోపలికి పోయి బోనెక్కాక, ఎవర్ని చూశావయ్యా అని అడిగారు. వీపును చూశాను, మొహం చూళ్ళేదు అంటే అయిపోయేది. నోరు తెరిచాడు, బయ్యన్ననండీ అని వచ్చింది. చెప్పీ చెప్పీ నోటికి ఆ పేరే అలవాటైపోయింది, దానికితోడు మాట మారిస్తే నిన్నే లోపలేస్తారని బెదిరించినోళ్ళు ఉన్నారు.

ఉరిశిక్ష వేశారు. చెంచయ్య తమ్ముడు రోశయ్య, ప్రాణం తీసినోడి ప్రాణం తియ్యాల్సిందే, లేకపోతే రేపు ఇంకోడు తెగిస్తాడని అరుగు అరుగుకీ తిరిగి చెప్పాడు. ఊరు అవునన్నది. పోలేరమ్మ పూజారి ముసలాయన ఒక్కడే, జైల్లో ఉంచితే పొరపాటని తేలిననాడు తలుపు తీసి పంపుతారు, ఉరి తీసినోణ్ణి ఏ తలుపు తీసి పంపుతార్రా అన్నాడు. నీకేం తెలుసులే అన్నారు. గురవయ్యేమో పైకోర్టు చూస్తదిలే అనుకున్నాడు. పైకోర్టు, కింది కోర్టు చూసిందిలే అనుకున్నది. ప్రాణభిక్ష పెట్టమని ఆ పైకి అర్జీ పోతే, వాళ్ళు రెండు కోర్టులూ చూశాయిలే అనుకున్నారు. ఎవరు చూసినా గురవయ్య చూసిన వీపునే గదా చూసింది.

ఆ అర్జీలు ఇంకా నడుస్తా ఉండగానే నాసరమ్మకి ఆడపిల్ల పుట్టింది, బతికింది. ఆ కబురు అందగానే బయ్యన్న జైలు నుంచి చెప్పి పంపాడంట, ఇప్పుడు ఆర్పుతాను, దీపం తీసుకురండి అని. ఆమె పసిగుడ్డును ఎత్తుకుని గురవయ్య గడపలోకి వచ్చి, ఆయన ఇప్పుడు ఒట్టేస్తాడంట బావా, నువ్వు కూడా వచ్చి జడ్జీగారికి చెప్పు అన్నది. రేపు పోదాం అన్నాడు. కోతలయ్యాక పోదాం అన్నాడు. తర్వాత ఆమె రావడం మానేసింది. ఒక మధ్యాహ్నం అన్నం తింటా ఉంటే, పొద్దున ఉరి తీశారంట అని ఎవరో చెప్పిపోయారు. గురవయ్య చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని, మజ్జిగ పోసుకుని, అంతా తిని చెయ్యి కడుక్కున్నాడంట. ఏడుపు రాలా. చెయ్యి మీద తల పెట్టి పడుకుంటే మొద్దుబారుద్దే, అట్టా మనిషంతా అయిపోయాడు.

కొన్నేళ్ళకి రోశయ్య మంచాన పడ్డాడు, పోయేముందు, పొలం గట్టు తగాదాలో అన్నని కొట్టింది నేనే అని చెప్పి పోయాడు. ఊరు విన్నది, అయ్యో అన్నది, దినం భోజనాలు తిని ఇళ్ళకి పోయింది.

ఆ సాయంత్రం గురవయ్య తనంతట తనే ఆ డొంకలోకి పోయాడు. బావి దగ్గర గొంగళి కప్పుకుని వీపు నిలబడి ఉంది. భయం కూడా వెయ్యలేదంట. చెప్పు, నేనెవర్ని అని అడిగింది వీపు. బయ్యన్న అన్నాడు, కదల్లా. రోశయ్య అన్నాడు, కదల్లా. మళ్ళీ అడిగింది. అప్పుడు, తెలీదు, నాకు వీపే కనపడింది అన్నాడు గురవయ్య. ఇన్నేళ్ళకి ఆ మాట బయటికి వచ్చింది. అది ఇక్కడ ఎందుకు, అక్కడ చెప్పాల్సింది అన్నది వీపు. పీక పట్టుకోలా, ఏమీ చెయ్యలా. ఒక్కసారి ఇటు తిరగవయ్యా, నీ మొహం చూసి పోతా అని బతిమాలాడు. తిరగలా.

ఇదంతా నీకెట్టా తెలుసు అంటారు మీరు. గురవయ్యే నాసరమ్మ గడపలో నిలబడి చెప్పుకున్నాడు, అక్కణ్ణించే నా చెవిదాకా వచ్చింది. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటా, నేను అడిగింది ఆ మాటే గదా బావా అన్నదంట. తలెత్తలా.

ఆ తర్వాత గురవయ్య రోజూ పొయ్యేవాడు, ఆ వీపు ఇటు తిరుగుద్దేమోనని. రోజూ అదే అడగడం, ఇతను అదే చెప్పడం. చివరికి ఒకనాడు బావి గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు, గొంగళి కప్పుకుని, మొహం బావి వైపు పెట్టుకుని.

ఇప్పుడక్కడ రెండు వీపులు ఉంటయ్యంట. ఏది ఎవరిదో వెనకనుంచి తెలీదు. గురవయ్యకీ తెలీలేదుగా. కాబట్టి మునిమాపున అటు పోకండి. మీ ఖర్మ కాలి పోయినా, అది అడిగినా, తెలిసినట్టు ఎవరి పేరూ చెప్పకండి. ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతన్నయ్.