పూతమందు కొట్టిన చేను

బేస్తవారిపేట దగ్గర వేరుశనగ చేను గట్టున చేనామె నిలబడి ఉంది. పుట్టింటి నుంచి వస్తూ బస్సు దిగిన పొరుగామె ఆగింది. ఇద్దరూ ఒకరికొకరు వదిన వరస; ఒకరి మొగుడు ఇంకొకరికి అన్న.

“వదినా, నీ చేనేంది, ఆకంతా ఇట్ల మెలి తిరిగింది?”

“మొన్న పూతమందు కొట్టించినాము. పూత రాలకుండా నిలిచి కాయలు బాగా ఊరతాయని గ్రామసేవకుడు ఇచ్చినాడు.”

“మెలి తిరుగుతుందని కూడా చెప్పినాడా?”

“లేదు. కాన్పుకు ముందు నొప్పులుంటాయి గదా, అట్లాంటిదేమో అనుకున్నా.”

“కొలత ఎక్కువేసినారా?”

“నేనే కొలిచి పోసినా. పులుసులో ఉప్పు తప్పుతానేమో గానీ, అందులో తప్పను.”

“స్ప్రేయరు ఎవరిది?”

“కంభం చెరువు కింద మా చిన్నాయన వరిలో కలుపుమందు కొట్టినాడే, అదే. మీ అన్న అడిగి తెచ్చినాడు.”

“అయ్యో! మా పుట్టింట్లో పోయినేడు మిరపచేను ఇట్లనే మెలి తిరిగి ఎండిపోయింది. ఆ కలుపుమందు వరిని వదిలి, వెడల్పాకున్న దాన్నంతా చంపుతుంది. స్ప్రేయరు కడిగినారా?”

“మీ అన్న కడిగినానన్నాడు.”

“ఎట్ల కడిగినాడు?”

“తిన్న కంచంలో చెంబెడు నీళ్లు పోసి లేస్తాడు చూడు, అట్ల.”

“ఊరగాయ జాడీకే ఒక్క కడుగుడుకు వాసన పోదు! ఆ స్ప్రేయరు ఇంకెవురికీ ఇయ్యొద్దు. ఇంట్లోనే ఉందా?”





“పొద్దున్నే మా అన్న వచ్చి భుజానికి తగిలించుకొని పోయినాడు. ఈపాటికి మీ వేరుశనగ చేను సగం కొట్టుంటాడు.”