అసిరమ్మ మట్టెలు, అరిసే మిషను

అసిరమ్మకి వొంగుని వొంగుని నడుం పడిపోయిందంటర్రా. వాకిలి ఊడిసి కాదు, సముద్రం ఒడ్డు ఊడిసి. నవ్వకండి, ఊడిసిందనే అనుకోండి. ఏటైందంటే, ఆయమ్మ మొగుడు లచ్చయ్య రెండేళ్ల కిందట వేటకెళ్లాడు. పడవ తిరగబడింది. సెక్కలొచ్చాయి, వలొచ్చింది, మనిసి మాత్రం రాలేదు. అత్త గున్నమ్మ ఏటందంటే, కర్మ సేసేద్దామే, నా కొడుక్కి నీళ్లైనా వదల్లేదు, ఎన్నాళ్లని ఆ మట్టెలేసుకు తిరుగుతావు అందంట. అసిరమ్మేమో, అత్తా, ఆయన నడుంకి ఎండి మొలతాడుండేది కదా, సముద్రం దాన్ని ఒడ్డుకి ఇసిరికొట్టే ఉంటాది, అది నా కంటికి సూపించు, ఈ మట్టెలు నా సేత్తో నానే తీసేత్తాను అందంట. అత్తకి మాత్రం వాదించే ఓపికేదీ, కన్నతల్లి గదా.

అదిగో, అప్పుడొచ్చాడు పాత ఇనుప సామాన్లు కొనే సిమ్మాచలం. ఇసకలో ఇనుమున్నా ఎండి ఉన్నా కుయ్యిమని అరిసే మిషనొకటి కొన్నాడు. పెద్దదేటీ కాదు, కొత్తగా నేర్సుకునేవోళ్లు కొనుక్కునేదంట. ఓ కర్ర, దాని సివర పళ్లెం. అసిరమ్మ అడిగితే ఇచ్చాడు, ఎలాగో సెప్పాడు కూడాను. కెరటం ఎనక్కి పోయాక తడిసిన ఇసక మీద తిప్పమ్మా, పళ్లెం నేలకి తగలనీకు, నిమ్మళంగా తిప్పు, అరిసిన కాడ తవ్వు అన్నాడు. మన ఆడోళ్లకి సేతికి కర్రొత్తే ఏటి సేత్తారు? ఊడుత్తారు. అసిరమ్మా అంతే. నడుమొంచి, సీపురు లాగినట్టు పళ్లేన్ని కాళ్ల కాడికి లాగేది. కుయ్యిమనేది. తవ్వేది, ఏటీ లేదు. రెండడుగులేసి లాగేది, కుయ్యి. తవ్వేది, ఏటీ లేదు. మొదటిరోజు సీసా మూతలు, ఓ తుప్పు మేకు దొరికాయి. రెండోరోజు వలకి కట్టే సీసం గుళ్లు. తక్కినయ్యన్నీ ఉత్తి గోతులే. కుయ్యి, తవ్వు, కుయ్యి, తవ్వు, ఇలాగ తొమ్మిది రోజులంట. అరిసేతులు బొబ్బలెక్కిపోయాయి.

తొమ్మిదోనాడు సిమ్మాచలం ఒచ్చి, ఆ గోతులు సూసి తలకొట్టుకున్నాడు. ఇదేటమ్మా, ఇది నీ మట్టెలకే అరుత్తంది, అయ్యి తీసి ఇంటికాడ ఎట్టి రా అన్నాడు. ఆడికేటి తెలుసు. అసిరమ్మ అలాగే సూసి, "ఇయ్యి తీసేసాక దొరికితే ఏటి, దొరక్కపోతే ఏటి, అన్నా" అంది. పోనీ దూరంగా పట్టుకు తిప్పమని సెప్పి ఎళ్లిపోయాడు. తిప్పింది. సెయ్యి లాగేత్తంటే ఎంతసేపని పట్టుకుంటాది, పళ్లెం మళ్లీ కాళ్ల కాడికే ఒచ్చేది, కుయ్యిమనేది. ఆకరికి ఓ గోతి పక్కన కూలబడిపోయింది. ఏడుపూ రాలేదంట, ఓపిక లేక. కూకుని, ఒక్కో మట్టె తిప్పి తిప్పి లాగి, గోతిలో ఏసి, కాలితో ఇసక తోసేసింది. లేసి నాలుగడుగులేసి మిషను తిప్పింది. సడి లేదు. ఇంకో నాలుగడుగులు. సడి లేదు.

అత్త ఎతుక్కుంటా ఒచ్చి కోడలి కాళ్లు సూసింది. దొరికిందా అని అడగలేదు. మిషను సేతిలోంచి తీసుకుని, "పద తల్లీ, గంజి సల్లారిపోతంది" అంది. ఆ వారంలోనే కర్మ సేసారు.

మొలతాడంటారా? దొరకలేదర్రా, సముద్రం ఇచ్చేదైతే ఎప్పుడో ఇచ్చును. ఊరోళ్లు ఆ మిషను పనికిమాలిందన్నారు. నన్నడిగితే దాని తప్పేటీ లేదు. మొదటిరోజు నుంచీ అది సరిగ్గానే సెప్పింది, మనిసికే తొమ్మిది రోజులు పట్టింది.